తమ్ముడు చేసిన పళ్ళు

తలుపుకు లోపల గడియ పెట్టి, కిటికీ రెక్కలు దగ్గరికి లాగి, ఇక ఎవరూ చూడరని తెలిసినా చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకునే కూర్చుంది పెద్ద టీచరు. ముప్ఫై నాలుగేళ్ళ ఉద్యోగంలో ఆఖరి రోజు, అందులోనూ ఆఖరి గంట. గోడ గడియారంలో మూడు దాటి రెండు నిమిషాలు. నాలుగింటికి వీడ్కోలు సభ. హాల్లో కుర్చీలు ఈడుస్తున్న చప్పుడు, మైకు కీచుమన్న చప్పుడు, ‘హలో హలో, ఒకటి రెండు మూడు’ అంటున్న లెక్కల మాస్టారి గొంతు, అన్నీ గోడ దాటి వచ్చి ఆమె గదిలో చేరుతున్నాయి. హాజరుపట్టీలు పక్కకు జరిపిన చోట బల్ల మీద రెండు డబ్బాలున్నాయి. ఒకటి నీలం రంగు ప్లాస్టిక్‌ది, కొత్తది, మూత తీస్తే ఆస్పత్రి వాసన వేస్తుంది. రెండోది స్టీలుది, అడుగున తడిగుడ్డ పరిచి ఉంది. రెండింటిలోనూ పళ్ళున్నాయి. ఆమె నోట్లో మాత్రం ఒక్కటీ లేదు. రెండు జతల పళ్ళుండి బోసినోటితో కూర్చున్న మనిషి లోకంలో తానొక్కతే అయి ఉంటుంది అనుకుంటే నవ్వొచ్చింది; ఆ నవ్వు గాలిబుడగ పగిలినట్టు తుస్సుమని తనకే వినబడి ఆగిపోయింది.

తలుపు మీద చిన్నగా చప్పుడైంది. “మేడమ్, మీ తమ్ముడుగారు వచ్చారండీ. ముందువరసలో కూర్చోబెట్టాను” అంది ఆయా అవతల నుంచి. “ఊఁ” అంది పెద్ద టీచరు. “టీ తెమ్మంటారా?” “ఊఁహూఁ.” ఊఁ అనడానికీ ఊఁహూఁ అనడానికీ పళ్ళక్కర్లేదు. మనిషి మాటల్లో సగం పళ్ళు లేకుండానే నడిచిపోతాయని ఈ కొద్ది నెలల్లో తెలిసివచ్చింది. చిక్కంతా మిగతా సగంతోనే. అప్పుడే వచ్చేశాడా. నాలుగింటికి అంటే మూడింటికే వచ్చి కూర్చుంటాడు, వాడెప్పుడూ అంతే, రైలు కంటే ముందు స్టేషనుకు, డాక్టరు కంటే ముందు ఆస్పత్రికి. ఇస్త్రీ చొక్కా వేసుకుని ఉంటాడు. గోళ్ళ సందుల్లో తెల్లటి ప్లాస్టరు పొడి ఎంత కడిగినా పోదు కాబట్టి చేతులు రెండూ మోకాళ్ళ మధ్య దాచుకుని, వేదిక వైపు చూస్తూ, అక్క నోరు తెరిచే క్షణం కోసం ఎదురుచూస్తూ ఉంటాడు. అక్క మాట కోసం కాదు, అక్క నోటి కోసం.

స్టీలు డబ్బాలో ఉన్నవి వాడు చేసినవి. నీలం డబ్బాలోవి కూతురు తీసుకెళ్ళి పెద్ద ఆస్పత్రిలో చేయించినవి. నీలం డబ్బా ఉందని తమ్ముడికి తెలియదు. నాలుగు రోజుల నుంచీ చెబుదామని చూస్తోంది. మొన్న ఫోను కూడా చేసింది, “ఏరా, ఏం చేస్తున్నావు” అంది, “నీ సభకు చొక్కా కొనుక్కుంటున్నానక్కా” అన్నాడు వాడు, “ఏం రంగు” అంది ఆమె, అంతే, మాట అక్కడితో చచ్చిపోయింది. ఒక్క మాట, పెదవి దాటవలసింది ఒకే ఒక్క మాట, అది దాటలేదు. ముప్ఫై నాలుగేళ్ళు ఎదుటివాళ్ళ పిల్లలకు నిజం చెప్పడం నేర్పిన నోరు.

ఉపన్యాసం కాగితం మడత విప్పింది. ‘సభకు నమస్కారం. సహోపాధ్యాయులకు, స్నేహితులకు, సంతోషంగా సెలవు తీసుకుంటున్న ఈ సాయంత్రం...’ చదువుకుంటూంటే బోసినోట్లో నాలుక ఎక్కడా ఆనక తడబడింది. ఎంత ఇష్టంగా రాసుకుంది ఈ వాక్యాన్ని! బయటివాళ్ళకు అందులో ఏమీ కనబడదు. ఆమెకు మాత్రం అందులో ఉన్న ప్రతి ‘స’ కనబడుతుంది. ఆమె ముందుపళ్ళు రెండింటి మధ్యా సందు ఉండేది, అగ్గిపుల్ల దూరేంత సందు, మాట మొదట్లో స వచ్చిందంటే చాలు సన్నగా ఈల వినబడేది. చేసి, చూసి, రాసి లాంటివి మాట మధ్యలో జారిపోయేవి, ఎవరూ పట్టించుకునేవారు కాదు. మొదట్లో వచ్చే స మాత్రం పట్టించేసేది. ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే నల్లబల్ల దగ్గర ‘సున్నా’ అంది, వెనక బెంచీలో ఎవడో ఈల వేశాడు, తరగతి గొల్లుమంది, ఆ రోజు నుంచి ఆమె ఈల టీచరు. పెద్ద టీచరయ్యాక కూడా గోడ మీద బొగ్గుతో ఈల టీచరనే రాసేవాళ్ళు, మొదట రాసినవాళ్ళ పిల్లలు కూడా. ఎవరికీ తెలియని యుద్ధం ఒకటి చేసింది ఆమె ఇన్నేళ్ళూ. సరే అనదు, అలాగే అంటుంది. సమాధానం అనదు, జవాబు. సందేహం అనదు, అనుమానం. సంతోషం వచ్చినా ఆనందంతోనే సరిపెట్టుకుంది. సెలవులిచ్చే రోజున ‘రేపటి నుంచి బడి లేదు’ అనేది. ఎంత చక్కని తేట మాటలు వాడుతుందో అని తనిఖీకి వచ్చిన అధికారి ఒకాయన మెచ్చుకున్నాడు కూడా. పళ్ళన్నీ పోయాక, ఆ పోవడంలో ఒకే ఒక్క లాభం కనబడింది ఆమెకు. ఇక సందు ఉండదు. ఒక్కసారి, పోయే రోజున, ఆ పిల్లల ముందూ ఆ పిల్లల తల్లిదండ్రుల ముందూ, స అనే అక్షరాన్ని అందరిలాగా పలికి వెళ్ళిపోవచ్చు. పెద్ద కోరికేం కాదు. అడగడానికి కూడా సిగ్గేసేంత చిన్న కోరిక.

వాడు ఆ సందుతో సహా చేసుకొచ్చాడు.

హాల్లోంచి నవ్వులు. ఎవరో మైకులో పాట ఎత్తుకుని ఆపేశారు. వాడికి ఆ సందంటే ఎందుకంత ప్రాణమో ఆమెకు తెలుసు, తెలియకపోతే ఎంత బాగుండును. వాడికి మూడేళ్ళప్పుడు ఆమెకు పదమూడు. అమ్మ నూలుమిల్లులో పనిచేసేది, ఒక వారం పగలు, ఒక వారం రాత్రి. నాన్న ఇంట్లో ఉన్నా లేనట్టే, చదివిన పేపరే మళ్ళీ చదువుకుంటూ ఉండేవాడు. వాడి నడుముకు జడ్డిగం కట్టడం, ముక్కు తుడవడం, వీపు మీద వేసుకుని తిప్పడం అన్నీ ఆమె పనే. కాస్త పెద్దయ్యాక వాడు వీధిలో ఎక్కడ పడితే అక్కడికి పోయేవాడు, ఇటికల బట్టీ దాకా, కాలవగట్టు దాకా, పేరు పెట్టి అరిస్తే వినబడేది కాదు. ఆమె గుమ్మంలో నిలబడి నాలుకను ఆ సందుకు ఆనించి ఊదేది. వేళ్ళు పెట్టకుండా, పెదాలు ముడవకుండా అలా ఈల వెయ్యడం ఆ వీధిలో ఇంకెవరికీ చేతకాదు. ఎక్కడున్నా వినేవాడు. ఆటలో ఉన్నా, కొట్లాటలో ఉన్నా, చేతిలోది అక్కడే పారేసి పరుగెత్తుకొచ్చేవాడు. రొప్పుతూ వచ్చి ఆమె నోటికేసి చూసి, “ఇంకోసారి” అనేవాడు. ఇంకోసారి ఊదేది. అమ్మ లేని రాత్రుళ్ళు చీకట్లో భయమేస్తే దుప్పటి కింద నుంచి చిన్న వేలు వచ్చి ఆమె ముందుపళ్ళ మీద తడిమేది. ఆ సందు వేలికి తగిలితే అక్క పక్కనే ఉన్నట్టు. వాడు ఆ తర్వాత బతుకంతా పళ్ళను వేళ్ళతో తడిమే పనిలోకే ఎలా పోయాడో ఆమె ఎప్పుడూ ఆలోచించలేదు. ఇప్పుడు, ఈ గదిలో, ఆలోచించవలసి వస్తోంది.

చదువు అబ్బలేదు వాడికి. పదోతరగతి రెండుసార్లు తప్పాక ఒక పళ్ళ డాక్టరు వెనక గదిలో చేరాడు. ముందు గదిలో డాక్టరు, మెత్తని కుర్చీ, తెల్లని దీపం. వెనక గదిలో వీడు, మైనం కరిగే పొయ్యి, గులాబీరంగు పొడి డబ్బాలు, పళ్ళు మెరుగుపెట్టే మోటారు. డాక్టరు నోటి అచ్చు తీసి పంపితే వీడు కట్టుడుపళ్ళు చేసి పంపుతాడు. జనం డాక్టరుకు దండం పెట్టి వెళ్ళిపోతారు. ఆమె ఒకసారి వెళ్ళింది ఆ వెనక గదికి. గోడ పొడుగునా బల్లల మీద ప్లాస్టరు నోళ్ళు, వందలు, తెరుచుకుని, పేర్లు లేకుండా అంకెలతో. భయమేసింది ఆమెకు. వాడు మాత్రం చుట్టాలను చూపించినట్టు చూపించాడు. “ఈయన కుడివైపే నములుతాడక్కా. ఈవిడ నిద్రలో పళ్ళు కొరుకుతుంది. ఈ ముసలాయనకి కోపం జాస్తి, చూడు అంచులెలా అరిగాయో.” మొహాలు తెలియవు వాడికి, నోళ్ళే తెలుసు. బజారులో పక్కన నడుస్తూ ఉన్నట్టుండి ఆమె చెయ్యి నొక్కేవాడు, ఎదురుగా ఎవరో పెద్దమనిషి నవ్వుతూ పోతూంటే, “అది నాదే” అనేవాడు గుసగుసగా. “వెళ్ళి చెప్పకపోయావా” అని ఆమె అంటే, “ఛ, కట్టుడుపళ్ళని తెలిసిపోదూ” అనేవాడు. అలా ముప్ఫై ఏళ్ళు. ఇప్పుడు డాక్టర్లందరూ మిషన్ల దగ్గరికి పంపుతున్నారు. ఆరునెలలుగా అక్క పళ్ళకు తప్ప వాడి మోటారు తిరిగిందే లేదు.

ఒకసారి వానరోజున బడికి గొడుగు తెచ్చాడు. పని మధ్యలోంచి వచ్చాడు కాబట్టి చొక్కా నిండా తెల్లటి పొడి, జుట్టులో కూడా. స్టాఫ్ రూము గుమ్మంలో నిలబడితే కొత్తగా వచ్చిన సైన్సు టీచరు “ఎవరండీ” అని అడిగింది. “పళ్ళ డాక్టరు దగ్గర పనిచేసే మనిషి” అంది ఆమె. అబద్ధం కాదు. అక్షరం అక్షరం నిజమే. వాడు ఆమె వైపు ఒక్క క్షణం చూసి, గొడుగు బల్లకు ఆనించి, “ఇచ్చి రమ్మన్నారు మేడమ్” అన్నాడు. మేడమ్! ఆ రాత్రి ఇంటికొచ్చి ఏమీ జరగనట్టే కబుర్లు చెప్పాడు. అలిగినా బాగుండేది, తిట్టినా బాగుండేది. అక్కకు ఇబ్బంది అని అర్థం చేసుకున్నాడే, అదే ఇరవయ్యేళ్ళుగా ఆమె గొంతులో ముల్లులా దిగడిపోయి ఉంది.

మూడున్నర. గడియారం ముల్లు కదిలినప్పుడల్లా చిన్న చప్పుడు చేస్తుందని ఇన్నేళ్ళలో ఎన్నడూ గమనించలేదు. స్టీలు డబ్బా మూత తీసింది. ఎంత బాగున్నాయి! పని తెలియని ఆమెకే తెలుస్తోంది. చిగుళ్ళ రంగు కూడా ఒకే గులాబీ కాదు, అంచుల దగ్గర కొంచెం ముదురు, పైన లేత, అక్కడక్కడ సన్నని ఎర్రని నరాలు. పై దవడలో కుడిపక్క పన్ను ఒకటి కొద్దిగా లోపలికి తిరిగి ఉంది, నిజంగా ఉండేది అలాగే. చిగుళ్ళు చెడి ఒక్కొక్క పన్నూ పీకించుకుంటూ వచ్చిన ఆ ఆరునెలల చివర వాడు వంటింట్లోకి సంచీ వేసుకుని వచ్చాడు. కుర్చీ కిటికీ దగ్గరికి లాగి, ఆమె మెడ చుట్టూ తువ్వాలు కట్టి, “నోరు పెద్దగా తెరువక్కా, ముక్కుతో గాలి పీల్చు” అన్నాడు. చల్లటి ముద్ద నోరంతా నిండింది. అది గట్టిపడేదాకా వాడి బొటనవేళ్ళు రెండూ ఆమె దవడల కింద ఆనుకుని ఉన్నాయి, కదలకుండా, గువ్వను పట్టుకున్నట్టు. కళ్ళలోంచి నీళ్ళు కారుతుంటే తుడిచాడు. ఎప్పుడో వాడి ముక్కు ఆమె తుడిచేది. ఆ తర్వాత నలభై రోజులు కనబడలేదు. ఆమె ఉద్యోగంలో చేరకముందు శిక్షణలో ఉన్నప్పటి ఫోటో ఒకటి, ఎవరో నవ్వించినప్పుడు తీసింది, దాన్ని పెద్దది చేయించుకుని ఎదురుగా పెట్టుకుని ఒక్కొక్క పన్నూ సానబెట్టాడట. వచ్చి, “కళ్ళు మూసుకో” అని తొడిగి, అద్దం చేతికిచ్చాడు. కళ్ళు తెరిస్తే ఎదురుగా ఇరవయ్యేళ్ళ అమ్మాయి నోరు, అరవై దగ్గరపడ్డ మొహంలో. మధ్యలో ఆ సందు. “ఏ మిషనూ ఇలా చెయ్యలేదక్కా. దానికి అందరూ ఒకటే. ఇవి నీవి” అన్నాడు. వాడి కళ్ళు మెరుస్తున్నాయి. “బాగున్నాయిరా” అంది. అదే తప్పు. అక్కడే, ఆ నిమిషంలోనే, ఒరేయ్ సందు వద్దురా అని నవ్వుతూ అనేసి ఉంటే వాడు ఇంకో వారం కూర్చుని సరిచేసి తెచ్చేవాడు. మొదటి అబద్ధం చిన్నది. దాని మీద నిలబడడానికి ఇంకొకటి, దాని మీద ఇంకొకటి.

ఆ పళ్ళతోనే కూతురింటికి భోజనానికి వెళ్ళింది. వియ్యాలవారు వచ్చారు. తమ్ముడు కూడా వచ్చాడు, పిలవకపోతే బాగుండదని కూతురే పిలిచింది. వియ్యపురాలు నెమ్మదైన మనిషి, ఆవిడ “ఎలా ఉందండీ ఆరోగ్యం” అంటే, కొత్త పళ్ళ కంగారులో జాగ్రత్త మరిచిపోయి, “సుఖంగా ఉన్నానండీ” అంది. ఈల! పాతదాని కంటే సన్నగా, పొడుగ్గా, బల్ల ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్ళింది. వియ్యంకుడు కంచంలోకి చూశాడు. వియ్యపురాలు మంచినీళ్ళు తాగింది. ఎవరూ నవ్వలేదు, నవ్వితే తేలిపోయేది. అప్పుడు తమ్ముడు, మెతుకులంటిన చెయ్యి అలాగే గాల్లో పెట్టుకుని, “ఆ పళ్ళు నేనే చేశానండీ” అన్నాడు. ముప్ఫై ఏళ్ళలో మొదటిసారి. “అచ్చం అక్క పళ్ళే. కట్టుడుపళ్ళని ఎవరైనా అనగలరా చెప్పండి? అక్కా, ఒక్కసారి తీసి చూపించు. లోపలివైపు పని చూడాలి వీళ్ళు.” ఎడమచెయ్యి చాచాడు ఆమె వైపు. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళందరూ ఆ ఖాళీ అరచేతినే చూశారు. ఆమె పెదాలు బిగించుకుంది. కూతురు లేచి వంటింట్లోకి వెళ్ళి కుళాయి విప్పింది, పూర్తిగా, నీళ్ళ చప్పుడుకి ఏమీ వినబడకుండా. చాచిన చెయ్యి కాసేపుండి మెల్లగా వెనక్కి వెళ్ళిపోయింది. “తిన్నాక చూద్దాంలెండి” అన్నాడు వాడే, అందరి తరఫునా.

ఆ రాత్రి కూతురు అరవలేదు. అరిస్తే ఎదురు మాట్లాడవచ్చు. “అమ్మా, నీకు జీవితమంతా ఆ సందంటే ఎంత బాధో నాకు తెలుసు కదే. ఎవరి కోసం మళ్ళీ పెట్టుకుంటున్నావు?” అంది. “మామయ్య చేశాడని నీ నోరు నీది కాకుండా పోతుందా?” న్యాయమైన మాట. కూతురి వెంట బయల్దేరింది. పెద్ద ఆస్పత్రిలో రెండు రోజుల్లో చేసి ఇచ్చేశారు, తెల్లగా, తీరుగా, పుస్తకంలో అక్షరాల్లా వరసగా. ఎడమపక్క కింద కాస్త గుచ్చుకుంటోంది, వచ్చేవారం రమ్మన్నారు.

పావు తక్కువ నాలుగు. ముందు నుయ్యి, వెనుక గొయ్యి అని పిల్లలకు ఎన్నిసార్లు వాక్యంలో ప్రయోగించమని ఇచ్చిందో. వాడివి పెట్టుకుంటే? ‘సభకు’ అన్న మొదటి మాటకే ఈల, హాలంతా నవ్వు, పోయే రోజున కూడా ఈల టీచరు, ముందువరసలో కూతురు మొహం. కాగితం మార్చి రాయనూ వచ్చు, స లేకుండా. ముప్ఫై నాలుగేళ్ళూ చేసిన పనే కదా, ఇంకో పది నిమిషాలు చెయ్యలేనా. చెయ్యగలదు. కాని అలిసిపోయింది. అంతే, ఇంకేం లేదు, అలిసిపోయింది. నీలం డబ్బావి పెట్టుకుంటే? వాడికి మొదటి మాటకే తెలుస్తుంది. కాదు, మాట కూడా అక్కర్లేదు, గుమ్మంలో ఆమె పెదవి కదిలితేనే తెలుస్తుంది. వీధిలో పోయేవాళ్ళ నోట్లో తన పని గుర్తుపట్టేవాడికి అక్క నోట్లో ఇంకొకరి పని తెలియదా? వాడిని పిలిపించి చెప్పేస్తే? బోసినోటితో ఎలా చెబుతుంది? పళ్ళు పెట్టుకుని చెప్పాలంటే ఏ పళ్ళు పెట్టుకుని చెబుతుంది?

“అమ్మా, టైమైంది, అందరూ కూర్చున్నారు.” కూతురి గొంతు. చెయ్యి నీలం డబ్బా వైపు వెళ్ళింది. తాను పంపలేదు, చెయ్యే వెళ్ళింది అని తర్వాత ఎన్నోసార్లు చెప్పుకుంది. కాని చెయ్యి ఆమెదే. స్టీలు డబ్బా మూత బిగించి, చేతిసంచీలో అడుక్కి తోసి, దాని మీద శాలువా కుక్కి, తలుపు తీసింది. కూతురు ఆమె నోటివైపు చూసి చిన్నగా నవ్వి, సంచీ అందుకుని “కారులో పెట్టేస్తాను, నీకు అడ్డం” అంది.

“సభకు నమస్కారం.”

శుభ్రంగా వచ్చింది. గాజుపలక మీద నీటిచుక్క జారినట్టు వచ్చింది. ఎవరూ ఏమీ గమనించలేదు. ఏమీ కానిదాన్ని ఎవరు గమనిస్తారు? సహోపాధ్యాయులకు, స్నేహితులకు, సంతోషంగా. ముప్ఫై నాలుగేళ్ళు దాచుకున్నవన్నీ ఒక్కొక్కటీ బయటికి వచ్చి, ఎవరికీ తగలకుండా హాలు వెనక గోడ దాకా వెళ్ళి ఆగిపోతున్నాయి. ముందువరసలో ఒక్కడే ఒక్కడు ముందుకు వంగి కూర్చున్నాడు. లేత నీలం చొక్కా. వాడి మొహంలో కోపం వెతికింది, లేదు. బాధ వెతికింది, అదీ కనబడలేదు. కొత్త నోరు చూస్తున్నప్పుడు వాడి కనుబొమలు ఎలా దగ్గరపడతాయో అలా దగ్గరపడి ఉన్నాయి, అంతే. ఆమె నాలుకకు ఎడమపక్క అంచు కోసుకుంటూనే ఉంది. పిల్లల గురించి చెప్పింది, వానకు కారిపోయే బడి కప్పు గురించి చెప్పి నవ్వించింది, ఎవరెవరికో కృతజ్ఞతలు చెప్పింది. వాడి పేరు కాగితంలో లేదు, కాగితం రాసినప్పుడు ఎందుకు లేదో ఇప్పుడు నిలబడి చదువుతూంటే అర్థం కాలేదు. చప్పట్లు మొదట కొట్టింది వాడే.

పూలగుత్తులు, కరచాలనాలు, కళ్ళద్దాలు తుడుచుకునేవాళ్ళు. బయట ఫోటోకి బెంచీలు సర్దుతున్నారు. నోట్లో రక్తం రుచి తగిలి, పుక్కిలిద్దామని ఆమె తన గదిలోకి వచ్చింది. వెనకే వాడూ వచ్చి తలుపు దగ్గరగా వేశాడు.

“బాగా మాట్లాడావక్కా.”

“ఒరేయ్, అది... నేను నీకు చెబుదామనే...”

“ఎడమపక్క కింద గుచ్చుతోంది కదూ?”

ఆమె చెయ్యి ఎడమ చెంప మీదికి వెళ్ళింది.

“మాట్లాడుతున్నంతసేపూ దవడ కుడివైపుకి లాగుతున్నావు. ఎన్నాళ్ళయింది?”

“నాలుగు రోజులు.”

“నాలుగు రోజులా! పుండు పడిపోయి ఉంటుంది. ఇలా ఇయ్యి.”

“వద్దురా, ఇక్కడా... వచ్చేవారం ఆస్పత్రికి రమ్మన్నారు.”

“వచ్చేవారం దాకా ఏం నములుతావు? ఇయ్యక్కా, రెండు నిమిషాల పని.”

చెయ్యి చాచాడు. ఆమె తలుపు వైపు చూసి, వెనక్కి తిరిగి, కింది పళ్ళు తీసి ఆ అరచేతిలో పెట్టింది. అది ఒక్కటే అనుకుంది. “పైది కూడా. రెండూ కలిపి చూడాలి.” పైది కూడా తీసి ఇచ్చింది. వాడు కుళాయి కింద కడిగి, కిటికీ రెక్క తెరిచి, వెలుతురుకు ఎత్తి పట్టుకుని, తిప్పి చూశాడు. చాలాసేపు చూశాడు. “మంచి పనే” అన్నాడు. ఎక్కడా వెటకారం లేదు. “వరస చాలా బాగా వచ్చింది. అంచొక్కటే చూసుకోలేదు. మిషనుకి నాలుక ఉండదు కదా.” జేబులోంచి కాగితంలో చుట్టిన చిన్న ఆకురాయి తీశాడు. పని లేకపోయినా జేబులో పెట్టుకుని తిరుగుతున్నాడన్నమాట. బొటనవేలితో అంచు వెతికి పట్టుకుని, సన్నగా, ఊపిరి కూడా బిగబట్టి అరగదీయడం మొదలుపెట్టాడు. తెల్లటి పొడి కొత్త చొక్కా మీద రాలుతోంది. ఆమె చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది.

“నాది ఉంటే ఇచ్చెయ్యక్కా” అన్నాడు తల ఎత్తకుండానే. “ఊరికే ఇంట్లో ఎందుకు.”

ఆమె తల అడ్డంగా ఊపింది. ఇవ్వను అని.

వాడు ఆమె వైపు చూశాడు. చెయ్యి ఒక్క క్షణం ఆగి మళ్ళీ కదిలింది. “పోనీలే. పారేస్తే ఏమైంది. అమ్మాయికి ఇబ్బంది కదా, నాకు అప్పుడే తట్టి ఉండాల్సింది.”

ఊఁహూఁ అంది గట్టిగా, పారెయ్యలేదురా, ఉంది, సంచీలో ఉంది, శాలువా కింద ఉంది, ఇవ్వనంటున్నాను, అని నోరు తెరిచింది. గాలి వచ్చింది. గాలీ, తడీ, తనకే అర్థం కాని చప్పుడూ. చేతులతో చూపించింది, తలుపు వైపు, బయటికి, కారు వైపు. “పోయిన వస్తువుకి అంత కంగారెందుకక్కా” అన్నాడు వాడు మెత్తగా. “మాట్లాడకు, చిగుళ్ళు రాసుకుంటాయి. అయిపోయింది.”

వరండాలో అడుగుల చప్పుడు, చాలా అడుగులు, నవ్వులు. “మేడమ్ లోపలే ఉన్నారు!” తలుపు మీద చెయ్యి పడింది. వాడు ఒక్క అంగలో ఆమెకూ తలుపుకూ మధ్యకు వచ్చి నిలబడ్డాడు, వీపు గుమ్మం వైపు పెట్టి, గోడలా. తలుపు తెరుచుకుంది. ఎవరికీ ఆమె కనబడలేదు, వాడి వీపే కనబడింది. “నోరు తెరువు” అన్నాడు గుసగుసగా. తెరిచింది. కింద, పైన, రెండూ వాడి వేళ్ళే కూర్చోబెట్టాయి. బొటనవేలు దవడ కింద ఒకసారి ఆని చూసి వదిలేసింది. అప్పుడు పక్కకు తప్పుకున్నాడు.

గదినిండా టీచర్లు. ఎవరో చెయ్యి పట్టుకున్నారు, ఎవరో భుజం మీద చెయ్యి వేశారు. “మామయ్యా, మీరూ రండి ఫోటోకి” అంది కూతురు. “చేతులు కడుక్కుని వస్తానమ్మా, పదండి” అన్నాడు వాడు చొక్కా దులుపుకుంటూ. ఇప్పుడు నోట్లో పళ్ళున్నాయి. ఇప్పుడు చెప్పవచ్చు. ఇంతమందిలో ఏమని చెబుతుంది? రేపు వెళ్ళి డబ్బా చూపించి చెబితే మాత్రం, పారేసినది వెతికి తెచ్చావా అక్కా అనడు వాడు; నమ్మినట్టు తల ఊపుతాడు, అదే కదా వాడితో వచ్చిన చిక్కు. జనం ఆమెను మెట్లు దించారు, బెంచీ మధ్యలో కూర్చోబెట్టారు, ఒళ్ళో పూలు పెట్టారు. తల తిప్పి చూస్తే గది కిటికీ తెరిచి ఉంది, లోపల కుళాయి చప్పుడు ఇంకా వినబడుతోంది.

“ఇటు చూడండి మేడమ్. నవ్వండి.”

ఆమె నవ్వింది. నోరంతా వెతికినా నాలుకకు ఎక్కడా ఏ పదునూ తగల్లేదు.